చివరి ఏటి ప్రాజెక్టు: కొని తెచ్చేదా, కట్టి చూపేదా?

బెంగుళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చదివే పిల్లలున్న ఇంట్లో చివరి ఏడాది తప్పక వినిపించే మాట ‘ప్రాజెక్టు’. అంతవరకూ విడివిడిగా నేర్చిన ప్రోగ్రామింగు, డేటాబేసు, నెట్‌వర్కు పాఠాలన్నిటినీ కలిపి, ఒకరికి పనికివచ్చే వస్తువు తయారుచేయించడం దీని ఉద్దేశం.

జరుగుతున్నది వేరు. ప్రోగ్రాము, నివేదిక, బైండింగుతో సహా సిద్ధంగా అమ్మే దుకాణాలున్నాయి. తప్పంతా పిల్లలదే అనలేము. ఏడాది చివర ఒక్కపూట చూసి మార్కులు వేసే పద్ధతే వారిని ఆ దుకాణం మెట్లెక్కిస్తోంది. కోర్సును సరిగా రూపొందిస్తే కొన్నది పనికిరాదు.

మొదట, నిజంగా అవసరమున్న మనిషి కావాలి. మన సంఘాల పాత సంచికలనే తీసుకోండి. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, ఆ తరువాత చాలా ఏళ్లు పత్రికలు వేరే ఫాంట్లలో టైపయ్యాయి. ఆ ఫైళ్లలో తెలుగు మాట వెతికితే దొరకదు. ఒత్తులు, గుణింతాలు చెడకుండా వాటిని యూనికోడ్‌లోకి మార్చడం నలుగురు విద్యార్థులకు ఏడాది పని. ఇది ఏ దుకాణంలోనూ దొరకదు!

రెండవది, వారం వారం లెక్క. 2005లో వచ్చిన ‘గిట్’ వంటి సాధనంలో ఏ మార్పు ఎవరి పేరున, ఎప్పుడు చేరిందో నమోదవుతుంది. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. కనుక సమీక్ష మొదటి నెలనుంచే సాగాలి.

మూడవది, మార్కుల పంపకం. నూటికి 20 అవసరాలు తెలుసుకుని రాసినందుకు, 40 వారపు సమీక్షలకు, 20 వాడేవారి అభిప్రాయానికి, 20 ఒక్కొక్కరినీ విడిగా అడిగే ప్రశ్నలకు కేటాయిస్తే న్యాయంగా ఉంటుంది.

2014లో మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. ఇంజనీరుకు సాంకేతిక జ్ఞానంతోపాటు కలిసి పనిచేయడం, విషయం చెప్పగలగడం, వృత్తిధర్మం కూడా ఉండాలని ఆ ఒప్పందం కోరుతుంది. ఈ గుణాలు కొన్న నివేదికతో అబ్బవు.

తల్లిదండ్రులు “ప్రాజెక్టు ఇచ్చేశావా?” అని కాక, “దాన్ని ఎవరు వాడతారు నాయనా?” అని అడగాలి. సంఘాల పెద్దలు తమ గ్రంథాలయం, సభ్యుల పట్టిక, పాత సంచికల పనులను దగ్గరి కళాశాలలకు అప్పగించాలి. పిల్లలకు చదువూ వస్తుంది, మన అక్షరమూ నిలుస్తుంది.