వార్తల్లో పదం: క్యూఓఈ

స్ట్రీమింగ్ వార్తల్లో తరచూ కనిపిస్తున్న క్యూఓఈ అంటే క్వాలిటీ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్. వీడియో చూసినవారికి ఎంత ఆనందం కలిగింది, ఎంత చిరాకేసింది అన్నదే ఈ కొలత. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) నిర్వచనమూ ఇదే. పాత పద్ధతిలో ప్రేక్షకులతో 1 నుంచి 5 దాకా మార్కులు వేయించి సగటు తీస్తారు. కానీ మార్కు పడేది చివర్లో, చిరాకు పుట్టేది నడుమ. అందుకే వేళ్లకు సెన్సర్లు తొడిగి చెమటతో మారే చర్మ విద్యుత్ వాహకతను, గుండె వేగాన్ని, తలపై ఎలక్ట్రోడ్లతో మెదడు తరంగాలను కూడా నమోదు చేస్తున్నారు. అయితే గుండెదడ బఫరింగ్‌ వల్లనా, మ్యాచ్‌లో చివరి ఓవర్‌ వల్లనా? సెన్సర్ ఒక్కటే చెప్పలేదు! కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనూ వీడియో నాణ్యతపై పరిశోధన సాగుతోంది. రామన్నపేటలో ఫోన్లో మ్యాచ్ చూస్తుండగా సిగ్నల్ తగ్గితే బొమ్మను మసకబార్చాలా, కాసేపు ఆపాలా అన్నది తేల్చుకోవడానికి యాప్ రూపకర్తలకు ఇలాంటి కొలతలు ఉపయోగపడతాయి.