బందరు నుంచి బంగీ

కొరియర్లు, యాప్‌లు రాకముందే కృష్ణా డెల్టా పల్లెలు గుమ్మంలో డబ్బు కట్టి సరుకు అందుకున్నాయి. ఆ బేరానికి పూచీ పోస్టాఫీసుది.

ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లే హైదరాబాద్ రోడ్డు విజయవాడ దాటి, బందరు అని పిలుచుకునే మచిలీపట్నం దాకా సాగుతుంది. ఇప్పుడది ఒక పూటలో వెళ్లొచ్చే దారి. ఊరికి బస్సు రావడమే గొప్పయిన రోజుల్లో మాత్రం, మెళ్లోకి గొలుసు కోసం బందరు ప్రయాణం కట్టడం మాటలు కాదు. కార్డు ముక్క రాసి పడేస్తే బందరే ఇంటికొచ్చేది.

మచిలీపట్నంలోని చిలకలపూడి గిల్టు నగలకు పుట్టిల్లు. ఉమా గోల్డ్ కవరింగ్ వర్క్స్ ప్రకటనలు పాత ‘చందమామ’లు తిరగేస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. లోహం మీద అతికించింది అసలు బంగారు రేకేననీ, కాదని రుజువు చేస్తే 500 రూపాయలు ఇస్తామనీ పందెం కట్టినట్టు చెప్పేవారు. క్యాటలాగు ఉచితం. చిరునామాలో సంస్థ పేరుతోనే ఒక పోస్టాఫీసు! బంగీలు ఏ లెక్కన కదిలేవో ఊహించుకోవచ్చు.

డబ్బు ముందా, సరుకు ముందా?

ముఖం చూడని బేరంలో మొదటి తగువు ఇదే. అమెరికాలో మాంట్‌గోమరీ వార్డ్ 1872లోనే క్యాటలాగు వ్యాపారం మొదలుపెట్టినా, అక్కడి తపాలా శాఖ సరుకు అందించి వెల వసూలు చేయడం 1913లో గానీ మొదలవలేదు. మన దేశంలో 1877లోనే వ్యాల్యూ పేయబుల్ పోస్టు వచ్చింది. జనం నోట అది ‘వీపీ’. పోస్టుమ్యాన్ వెల తీసుకుని పార్సిలు ఇచ్చేవాడు. ఆ సొమ్ము మనియార్డరుగా అమ్మినవారికి చేరేది. ఊరివాళ్ల నమ్మకం కంపెనీ మీద కన్నా, రోజూ కనిపించే ఆ ఖాకీ చొక్కా మీద.

నగలొక్కటేనా? బందరులోనే పుట్టిన ప్రచురణ సంస్థ ఎమెస్కో ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పథకంతో సభ్యుల ఇళ్లకు పుస్తకాలను వీపీలోనే పంపింది. పుస్తకాల షాపు లేని ఊళ్లలోనూ నవలల అలమరలు వెలిశాయి.

అయితే లొసుగులూ ఉన్నాయి. డబ్బు కట్టాకే కట్టు విప్పాలి. లోపల నాసిరకం సరుకుంటే ఉత్తరాలు రాసుకోవడమే. తెప్పించుకున్నవారు వద్దంటే తపాలా ఖర్చు అమ్మినవారి నెత్తిన పడేది.

మళ్లీ గుమ్మంలోకే

రోడ్లు బాగుపడ్డాయి, బస్సులు పెరిగాయి. 1979లో థర్మల్ విద్యుత్ కేంద్రం కరెంటు ఇవ్వడం మొదలయ్యాక ఇబ్రహీంపట్నానికి నెల జీతాల కళ వచ్చింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో నగ చేత్తో పట్టి చూసే వీలుండగా బొమ్మ చూసి కొనేదెవరు? వీపీ పక్కకు తప్పుకుంది.

2010లో ఫ్లిప్‌కార్ట్ ‘క్యాష్ ఆన్ డెలివరీ’ తెచ్చినప్పుడు అదంతా కొత్తగా అనిపించింది. పాత అనుమానానికి పాత మందే అది. నచ్చకపోతే తిప్పి పంపే వీలు తోడవడంతో కొనేవారికి వీపీ కన్నా మేలే జరిగింది.

నష్టమల్లా నగలు తయారుచేసేవారి వైపుంది. నాటి క్యాటలాగు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క బందరు సంస్థదే. నగ నచ్చితే ఊరంతా దాని పేరే అడిగేది. నేటి యాప్‌లో వేల గొలుసుల మధ్య ఏది ఎక్కడ తయారైందో వెతికినా తేలడం కష్టం. మచిలీపట్నం దగ్గరి పోతేపల్లి జ్యువెలరీ పార్కులో ఈ పని ఇంకా సాగుతోంది. గుమ్మం దాకా చేరే దారి మళ్లీ దొరికింది కాబట్టి, ఇక ఆ పెట్టె మీద చిలకలపూడి పేరు అచ్చు వేయించుకోవడమే మిగిలింది.