కొంటున్నాం సరే... చదివేదెప్పుడు?

నలభై ఏళ్ల కిందట మన ఊళ్లలో బస్టాండు పక్కనో, సినిమా హాలు సందులోనో అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. చెక్క అరల నిండా యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి. అట్టలు చిరక్కుండా దళసరి కాగితం అంటించి, దాని మీద నవల పేరు చేత్తో రాసేవారు. కొంత డిపాజిట్టు, రోజుకింత అద్దె. మర్నాటికి తిరిగివ్వకపోతే ఇంకో రోజు అద్దె పడుతుంది. అందుకని ఇంట్లోకి వచ్చిన పూట నుంచీ ఆ నవలకి విశ్రాంతి ఉండేది కాదు. అంట్లు తోముకున్నాక అమ్మ చదివేది. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని పెద్దమ్మాయి చదివేది. పొద్దున్నే పక్కింటి పిన్నిగారు పట్టుకుపోయి మధ్యాహ్నానికల్లా పూర్తిచేసేవారు. సాయంత్రం షాపుకి తిరిగి వెళ్లేలోపు ఒక్క అద్దెకి ముగ్గురు చదివేసేవారు.

అలా చదివి పెరిగిన తరానికి ఇప్పుడు సొంత పుస్తకాలున్నాయి, అద్దాల బీరువాలున్నాయి. టీవీలో నాలుగైదు ఓటీటీలు, ఒక్కోదాంట్లో తర్వాత చూద్దామని గుర్తుపెట్టుకున్న సినిమాల వరుస. హార్డ్‌డిస్కులో వందలకొద్దీ పీడీఎఫ్‌లు. పిల్లల కంప్యూటర్లో సేల్‌లో కొన్న గేములు. లేనిదల్లా ‘రేపటికి తిరిగిచ్చేయాలి’ అన్న తొందర. సొంతమైనదానికి గడువుండదు. గడువు లేనిది రేపటికి, ఆ రేపు ఎల్లుండికి జరుగుతూ పోతుంది. డబ్బు పెట్టి కొన్నవి చదవకుండా, చూడకుండా మిగిలిపోవడానికి మన బద్ధకం కన్నా ఇదే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

నాలుగు బీరువాల జీవితం

నెలకి రెండు పుస్తకాలు చదివేవాళ్లని మంచి పాఠకులనే అనాలి. ఏడాదికి 24. నలభయ్యో ఏట మొదలుపెట్టి డెబ్భై అయిదు దాకా కళ్లు సహకరించి, ఏ నెలా తప్పకుండా చదివితే 840. మామూలు బీరువాలో అయిదు అరలకీ కలిపి ఓ 200 పుస్తకాలు పడతాయి. అంటే మిగిలిన జీవితమంతా చదివేది నాలుగు బీరువాలు, పైన కాస్త. ఏడాదికి నలభై కొని ఇరవైనాలుగు చదివే మనిషికి పదేళ్లు తిరిగేసరికి 160 పుస్తకాలు మిగులుతాయి. ఇంకో బీరువాకి చోటు వెతుక్కోవాల్సిందే.

పాటల దారీ ఇదే. టేప్‌రికార్డర్ల రోజుల్లో రికార్డింగ్ షాపుకి ఖాళీ క్యాసెట్టు పట్టుకెళ్లి, కాగితం మీద పాటల జాబితా రాసిచ్చేవాళ్లం. 60 నిమిషాల క్యాసెట్టులో పన్నెండో పదమూడో పాటలు పట్టేవి. ఇంకోటి కావాలంటే ముందు రాసినవాటిలో ఒకటి కొట్టేయాలి. ఘంటసాల పాట తీసేద్దామా, సుశీల పాట తీసేద్దామా అని ఇంటిల్లిపాదీ వాదించుకునేవారు. అలా ఎంచుకున్న పాటలు గనకే టేపు అరిగేదాకా విన్నాం. 2017లో సరెగమ సంస్థ కారవాన్ అనే పాటల పెట్టెను తెచ్చి, అందులో 5,000 పాటలు నింపి ఇచ్చింది. పాటకి నాలుగు నిమిషాల చొప్పున 333 గంటలు. రోజుకో గంట వింటే పదకొండు నెలలు. ఇది ఇంకా మనిషికి అందే లెక్కే. పెద్దవాళ్లు దాన్ని ఇష్టపడింది కూడా వెతుక్కునే పని లేకుండా మీట నొక్కగానే పాట వస్తుందనే. అదే స్పాటిఫైలో 10 కోట్లకు పైగా పాటలున్నాయని ఆ సంస్థే చెబుతోంది. పాట మూడు నిమిషాలే అనుకున్నా, రాత్రీ పగలూ ఆపకుండా వింటే 570 ఏళ్లు పడుతుంది.

సినిమాల సంగతి అందరికీ తెలిసిందే. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, అమెజాన్ ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో మన దేశానికి వచ్చాయి. 2020లో తెలుగు కోసమే ఆహా మొదలైంది. తమకు పోటీ జనం నిద్రేనని నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో బాహాటంగానే అన్నాడు. ఆ మాటని ప్రతి ఇల్లూ గుర్తుపెట్టుకోవాలి. నెల చందా ఎంతైనా, అసలు ధర మన రాత్రుల్లోంచి పోతోంది.

ఎవరి తీరిక?

ఇంతకీ మనకున్న తీరిక ఎంత? కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు దాటినవారు తమ రోజులో 11 శాతం సమయం సంస్కృతి, కాలక్షేపం, మీడియా, ఆటలకు వెచ్చిస్తున్నారు. 2019లో అది 9.9 శాతం. పదకొండు శాతమంటే రెండున్నర గంటలు దాటి కొన్ని నిమిషాలు. పేపరు, టీవీ, ఫోను, ఆట, పాట అన్నీ ఇందులోనే. పెరిగిన ఆ కాస్త సమయం కూడా పుస్తకానికి దక్కిందా ఫోనుకి దక్కిందా అన్నది ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకోవచ్చు.

అదే సర్వేలో ఇంకో అంకె నన్ను ఎక్కువగా కలచివేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు. అంటే మూడు గంటలు దాటింది. ఒక తెలుగు సినిమా మొత్తం చూసి, ఆపైన ఒక కథ చదువుకోవడానికి సరిపోయే సమయం. ఒకే ఇంట్లో ఒకే చందా కడుతున్నా, ఒకే బీరువా పంచుకుంటున్నా తీరిక మాత్రం సమానంగా లేదు. పుస్తక ప్రదర్శనకి దంపతులిద్దరూ వెళ్లి చెరో సంచీ నింపుకుని వస్తారు. ఏడాది తర్వాత ఆయన చదవనివీ ఉంటాయి, ఆమె చదవనివీ ఉంటాయి. కానీ రెండింటికీ కారణం ఒకటి కాదు. ఆయనకి సాయంత్రాలు ఉండి చదవలేదు. ఆమెకి సాయంత్రమంటే వంట, పిల్లల హోంవర్కు, మర్నాటి టిఫినుకి పిండి. ఆమెతో ‘కొంటావు గానీ చదవవు’ అనడం అన్యాయం. ఆమె కొన్న పుస్తకం కదలాలంటే ఇంకెవరో వంటింట్లోకి వెళ్లాలి.

తర్వాత దొరకదేమోనండీ

అసలెందుకు ఇంతలా కొంటాం? తగ్గింపు ధరలు ఒక కారణం, నిజమే. కానీ తెలుగు పాఠకుడికి అంతకన్నా బలమైన కారణం ఒకటుంది. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలోనో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలోనో, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం బజారులోనో చేతినిండా పుస్తకాలు పట్టుకున్నవాళ్లని అడిగి చూడండి. ‘మళ్లీ దొరకదేమోనండీ’ అంటారు. ఆ భయం ఉత్తది కాదు. ఇప్పుడు తెలుగు సాహిత్యంలో చాలా పుస్తకాలు 500, 1,000 ప్రతులే అచ్చవుతున్నాయి. అవి అయిపోతే రెండో ముద్రణ ఎప్పుడన్నది ప్రచురణకర్త కూడా చెప్పలేడు. రచయిత సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకమైతే, ఆయన కాలం చేశాక పాత పుస్తకాల షాపే దిక్కు. అందుకే కనిపించినప్పుడే కొనాలి. అమెరికా నుంచి సెలవులకి వచ్చినవాళ్లు విమానంవాళ్లు ఇచ్చే 23 కిలోల లెక్కలో పచ్చళ్ల పక్కన పుస్తకాలు సర్దుకునేది కూడా అందుకే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టినప్పుడు మనవాళ్లు రాత్రులు కూర్చుని దించుకున్నదీ ఈ భయంతోనే. తర్వాత ఆ సైటే అందుబాటులో లేకుండా పోయింది. దించుకుని దాచినవాళ్ల వల్లా, ఆర్కైవ్.ఆర్గ్‌లోకి ఎక్కించినవాళ్ల వల్లా ఎన్నో పుస్తకాలు దక్కాయి. వాళ్లు దాచినవన్నీ చదివారా అని నేనైతే అడగను. కాపాడటం కూడా ఒక పనే, అది వాళ్లు చేశారు.

కాబట్టి కొనడాన్ని నేను తప్పుపట్టను. తెలుగులో పుస్తకం కొనేవాళ్లు ఇంకా కావాలి. అయితే రచయిత వైపు నుంచి కూడా ఒక్కసారి చూడాలి. మన పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే రచయిత చిరునామా, ఫోన్ నంబరు వేస్తారు. చదివినవాళ్లు ఫోన్ చేయాలని. అయిదొందల ప్రతులు అమ్ముడుపోయినా ఫోన్లు పట్టుమని పది రాకపోతే ఆ మనిషి తర్వాతి పుస్తకం ఏ ధైర్యంతో రాస్తాడు? అమ్మకం ప్రచురణకర్తకి పెట్టుబడి తిరిగి తెస్తుంది. రచయితని మళ్లీ రాయించేది మాత్రం చదివినవాళ్ల మాటే.

కొన్నా మనవి కానివి

తెర మీద కొన్నవాటికి మళ్లీ దొరకవన్న భయం అంతగా లేదు, అయినా పోగుపడుతున్నాయి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ 2003లో మొదలైంది. వేసవిలో, శీతాకాలంలో పెట్టే సేల్స్‌లో చాలా గేములు సగం కన్నా తక్కువ ధరకి వస్తాయి. 2014లో ఆర్స్ టెక్నికా పత్రిక నమూనాలు తీసి లెక్కేస్తే, స్టీమ్ ఖాతాల్లో ఉన్న గేముల్లో దాదాపు 37 శాతం ఒక్కసారి కూడా తెరవనివని తేలింది. కొన్నంతలో మూడో వంతుకి పైగా!

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ గేము ఆడకపోతే పోనీ, పక్కింటి అబ్బాయికి ఇచ్చేద్దామంటే కుదరదు. ఖాతాని వేరొకరికి బదిలీ చేయడం నిబంధనలకు విరుద్ధం. మనం డబ్బిచ్చి తీసుకున్నది వాడుకునే అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్ కిండిల్ పరికరాల్లోంచి జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవలని దూరం నుంచే తీసేసింది. ఆ ప్రతిని అమ్మినవారికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు వెనక్కిచ్చారు గానీ పుస్తకం మాత్రం ఉన్నట్టుండి మాయమైంది. అమ్ముతున్నది అనుమతే అయినప్పుడు ఆ సంగతి కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలంటూ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర కూడా అలాంటి చట్టం రావాలి.

కాగితం పుస్తకానికి ఈ బాధ లేదు. చదవకపోయినా చేతులు మార్చవచ్చు. బీరువాలో పదేళ్లుగా కదలని పుస్తకానికి కూడా ఊళ్లో ఎక్కడో ఒక పాఠకుడు ఉండే ఉంటాడు. లెక్కల మేష్టారి పని వదిలి మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పారు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది మూడోది. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది నాలుగోది. మన ఇళ్లలోని బీరువాలకు ఈ రెండూ అచ్చంగా సరిపోతాయి.

పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి చేర్చే పని మన పెద్దలు ఎప్పుడో చేసి చూపించారు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిరిగే పడవలో గ్రంథాలయం పెట్టారు. పడవ ప్రయాణమంటే గంటల తరబడి సాగేది. మనుషులకి ఎక్కడ తీరిక ఉందో చూసి పుస్తకాన్ని అక్కడికే పంపారాయన. పుస్తకం కొనగానే తీరిక దానంతటదే వస్తుందనుకునే మనకి ఇందులో నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది. ఇవాళ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. అయినా గ్రంథాలయాల్లో కొత్త పుస్తకాల కొనుగోళ్లు ఏళ్ల తరబడి ఆగిపోతున్నాయని ప్రచురణకర్తలు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. పౌర గ్రంథాలయం నిండుగా ఉంటే మనం ఇంతగా కొని దాచుకోవాల్సిన పనే ఉండేది కాదు.

మన బీరువాలోని పుస్తకాలు చదివేవాళ్లకి ఇవ్వడానికి గ్రంథాలయాలు బాగుపడేదాకా ఆగనక్కర్లేదు. ఇచ్చిన పుస్తకం తిరిగి రాదని తాతల నాటి నుంచీ భయపడుతున్నాం. దానికి ఒక నోటుపుస్తకం చాలు: పేరు, ఫోన్ నంబరు, ఇచ్చిన తేదీ, తిరిగివ్వాల్సిన తేదీ. ఆ చివరి గడి ముఖ్యం. ‘తీరిగ్గా చదువుకోండి’ అని ఇస్తే ఆ పుస్తకం మీ బీరువాలోంచి వాళ్ల బీరువాలోకి మారుతుంది, అంతే. భోగికి ఊరొచ్చిన మేనకోడలికి ఓ నవల చేతికిచ్చి, ‘కనుమ వెళ్లాక బస్సెక్కే ముందు నాకు ఇచ్చేయాలమ్మా, ఆ తర్వాత మీ బాబాయి అడుగుతున్నాడు’ అని చెప్పండి. రెండు రాత్రుల్లో పూర్తిచేస్తుంది. ఆ రెండు రోజులూ ఆమెని వంటింట్లోకి పిలవకుండా ఉంటే ఇంకా ముందే అయిపోతుంది. చదివాక మొదటి పేజీల్లో ఉన్న ఆ నంబరుకి ఫోన్ చేయమని మాత్రం మరిచిపోకుండా చెప్పండి.