నిద్రబిళ్ళ మానిన మూడవనాడు

పురుగుమందు మోతాదు మించినచో పైరు మాడునని మన సభ్యులలో నెఱుగనివారు లేరు. డబ్బాపై ముద్రించిన రంగు గుర్తును చూచి, ఎఱుపైన మిక్కిలి విషమనియు, ఆకుపచ్చయైన కొంత తక్కువయనియు చెప్పగలవారు మనలో ననేకులు కలరు. అట్టివారి యిండ్లలోనే గోడగూటిలో పెట్టిన బిళ్ళల అట్టపై ఎఱ్ఱ యక్షరములు ఏమి యున్నవో చూచినవారు మిక్కిలి యరుదు. ఎరువులను గూర్చి వ్రాయవలసిన ఈ పుటను ఈ నెల ఆ బిళ్ళలకు విడిచితిమి. అందులకు కారణమైన సంగతిని మొదట చెప్పెదము.

మా సంఘసభ్యులలో ఐదెకరముల మాగాణి గల పెద్దమనిషి యొకరు రెండేండ్ల క్రిందట భార్యను పోగొట్టుకొని నిద్రకు దూరమైరి. పట్టణములోని వైద్యులొకరు ఆల్ప్రజోలామ్ అను బిళ్ళను పది దినములకు వ్రాసియిచ్చిరి. నిద్ర పట్టినది, పది దినములును గడచినవి, చీటీ మాత్రము జేబులో నిలిచిపోయినది. మందుల దుకాణమువారు ఆ పాత చీటీని చూచియు, కొన్నాళ్ళకు చూడకయు, బిళ్ళలను ఇచ్చుచునే వచ్చిరి. ఒకటి రెండయినది, రెండు మూడయినవి. ఎవరైన నడిగినచో, “ఇదేమి కల్లా, సారాయా? డాక్టరుగారు వ్రాసినదే కదా” అని వారు బదులు చెప్పుచుండిరి.

గడచిన మాఘమాసమున దాళ్వా నాట్లు ముగియగానే కుమారుడు ఈ సంగతిని కనిపెట్టి, తండ్రిమీది ప్రేమచేతనే కోపించి, బిళ్ళలన్నిటిని కాలువలో పాఱవైచెను. దుకాణమునకు పోయి ఇకమీదట ఈయవద్దని కూడ చెప్పివచ్చెను. మఱునాడు పెద్దమనిషికి చేతులు వణకసాగినవి. రెండవ రాత్రి లేని మనుష్యులతో మాటలాడిరి. మూడవనాడు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి పశువులకొట్టము వాకిట పడిపోయిరి. మేము నలుగురము ఆటోలో వేసికొని జిల్లా ఆసుపత్రికి చేర్చితిమి. సంగతి విన్న పిదప అక్కడి వైద్యురాలు మమ్మడిగిన మొదటి మాట, “ఏ మందు మానిపించితిరి?” అని.

ఆమె చెప్పినదానిని మేము గ్రహించినంతవఱకు వ్రాయుచున్నాము. మెదడునందలి యుద్రేకము నణచుటకు గాబా యను పదార్థము మనకు సహజముగనే కలదు. ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోనజెపామ్, లోరజెపామ్ మొదలగు బిళ్ళలు దాని పనికి బలమిచ్చును. మొదటి రాత్రులలో ఇది గొప్ప మేలుగా తోచును. కాని పొరుగు కాలువ నీరు రాత్రింబవళ్ళు మడిలోనికి పాఱుచుండగా సొంత బావి పూడిక తీయు రైతెవ్వడు? నెలలు గడచినకొలది మెదడు తన సొంత శాంతిశక్తిని తగ్గించుకొనును. మునుపు చాలిన బిళ్ళ చాలదు. ఒకనాడు హఠాత్తుగా తూము మూసినచో పూడిన బావి యొక్కటే మిగులును. అపుడు గుండెదడ, చెమటలు, వణకు, భ్రమ, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కలుగును. ఆ మూర్ఛలో ప్రాణము పోవుటయు కలదు. కావున ఆ కుమారుని తప్పు పట్టజాలము. అతనికి ముందుగా చెప్పినవారు లేరు.

ఇందు మిక్కిలి మోసకరమైన సంగతి వేఱొకటి కలదు. బిళ్ళ మానిన రాత్రులలో నిద్ర మునుపటికంటె అధ్వాన్నమగును. దానిని చూచి, తన జబ్బు ఇంకను పోలేదని తలచి, మనిషి మరల అట్టను విప్పును. ఆ నిద్రలేమి చాలవఱకు బిళ్ళ పెట్టినదేయని అతడెఱుగడు. నొప్పులకు వాడు ట్రమడాల్ విషయమును ఇట్లే. ఇది నల్లమందువలె పనిచేయు కృత్రిమౌషధము. శస్త్రచికిత్స పిమ్మటను, తీవ్రమైన నొప్పులకును మంచి మందే. దీర్ఘకాలము వాడి మానినచో ఆవులింతలు, ముక్కు కాఱుట, విరేచనములు, ఒడలునొప్పులు పుట్టును. ఒడలు నొప్పి పుట్టగానే నడుమునొప్పి తిరుగబెట్టెనని రైతు తలచుట సహజము. మోతాదు మించినచో దీనివలననే ఫిట్స్ రాగలవు. ఇక నిద్రబిళ్ళయు ఈ నొప్పిబిళ్ళయు కలిసినను, వీనిలో నేదియైన మద్యముతో కలిసినను, ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణము పోవచ్చును. నాట్లవేళ నడుము పట్టగా ప్రక్కవాని అట్టనుండి పేరైన చదువక రెండు బిళ్ళలు త్రుంచుకొన్నవారిలో మేమును ఉన్నామని ఒప్పుకొనుచున్నాము.

మనస్సు గట్టిగా లేనివారే ఇట్లు లొంగుదురని తలచువారికి తెలంగాణములోని కల్తీకల్లు సంగతి చెప్పవలెను. అచ్చట కొందఱు వర్తకులు ఇవే ఆల్ప్రజోలామ్, డయాజెపామ్ మందులను, క్లోరల్ హైడ్రేటును నీటిలో కలిపి కల్లని యమ్ముట చిరకాలముగా నున్న దుష్కార్యము. త్రాగువారిలో పెక్కురు ఆ మందుల పేరులైన విననివారు. 2015లో ప్రభుత్వము కల్తీకల్లును అరికట్టగా నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో పెక్కుమంది వణకుచు, పిచ్చిమాటలాడుచు ఆసుపత్రుల పాలైరి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినపుడు కల్లును మద్యమును దొరకక హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగుల తాకిడి హెచ్చినది. తెలిసి మ్రింగినను తెలియక త్రాగినను శరీరమునకు భేదము లేదు.

చట్టము లేదని చెప్పుటకు వీలులేదు. 2014 మార్చి 1వ తేదీనుండి అమలులోనున్న హెచ్-1 పట్టికలో ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, ట్రమడాల్ మూడును కలవు. వీనిని అమ్మువారు వైద్యుని పేరును, రోగి పేరును, మందును, ఎన్ని యిచ్చినదియు వేఱు పుస్తకమున వ్రాసి మూడేండ్లు దాచవలెను. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికిని తెచ్చిరి. ఇట్టి మందుల అట్టపై ఎన్.ఆర్.ఎక్స్. అని ఎఱ్ఱ యక్షరములుండును. మా పెద్దమనిషి పేరు ఏ పుస్తకమునందును ఎక్కినట్లు మాకు తోచదు.

దీనిని చదివి రక్తపుపోటుకును మధుమేహమునకును వాడు బిళ్ళలను ఎవరును మానవలదు. నిత్యము వాడవలసిన మందు వేఱు, ఈ వశ్యత వేఱు. ఆ బిళ్ళలు మానుటయే ప్రమాదము.

నిద్రబిళ్ళను వారముల తరబడి ప్రతిరాత్రి వేసికొనుచున్నవారు తమంతట తాము మానక, దాచక, వైద్యునితో ఉన్న సంగతి చెప్పవలెను. ఎన్ని బిళ్ళలు, ఎన్ని నెలలనుండి, మద్యము కలదా లేదా యనునవి కూడ చెప్పవలెను. ఉన్న మోతాదులో ఇరువదవ వంతో పదవ వంతో తగ్గించి, రెండు నాలుగు వారములు నిలిపి, పిమ్మట మఱికొంత తగ్గింతురు. బావి పూడిక తీయుచు తూమును కొంచెము కొంచెముగా దించుట వంటిది ఇది. ఆల్ప్రజోలామ్ ఒంటినుండి త్వరగా పోవును గనుక, కొందఱికి మెల్లగా పోవు డయాజెపామ్‌నకు మార్చి తగ్గించుటయు కలదు. తగ్గించుటలో తొందర పనికిరాదు. నెలలు పట్టుట సామాన్యము. నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడువారు 14416 సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ వారు ఉచితముగా తెలుగులోనే మాటలాడుదురు. వ్యసనవిముక్తికి 14446 కలదు. ఫిట్స్ వచ్చినను, మనిషి తెలివి తప్పినను ఫోనులతో కాలము గడపక 108 బండిని పిలువవలెను.

మా పెద్దమనిషి ఆసుపత్రినుండి వచ్చి ఈ ఆషాఢమునకు ఐదు నెలలైనది. నిద్ర ఇంకను తెగుచు కుదురుచు నున్నది. ఫిట్స్ మరల రాలేదు. బిళ్ళలిపుడు కుమారుని పెట్టెలో నున్నవి. రాత్రి భోజనానంతరము ఆ దినమునకు చెప్పినంత ముక్కను విఱిచి అతడే తండ్రి చేతిలో పెట్టును. తగ్గింపు తేదీలను గోడమీది క్యాలెండరులో, కాలువ నీటి వంతుల ప్రక్కనే, ఎఱ్ఱ సిరాతో వ్రాసియుంచినాడు.