అంగడివారిచ్చు పాఱవేతపాత్రలు

వశిష్ఠ యొడ్డున దిండికి వచ్చినవారిలో కొబ్బరిబొండము త్రాగక మఱలువారు అరుదు. బొండముల బండివాడు కత్తితో నాలుగు వ్రేటులలో తల చెక్కి, కన్ను తెఱచి, అందొక గొట్టమును గ్రుచ్చి మన చేతికిచ్చును. ఆ గొట్టమునే అందఱును స్ట్రా యందురు. నీరు త్రాగుటకు పట్టు కాలము రెండు నిమిషములు. ఆపైని గొట్టము నేలపాలగును. అది ప్లాస్టిక్కుదైనచో మనము పోయినను అది పోదు.

తినుబండారములతో పాటు ఇట్టి వస్తువులను అంగడివా రియ్యవచ్చునా, కూడదా యని యడిగినచో మన విద్యార్థులలో పలువురు "ప్లాస్టిక్కును నిషేధించినారు" అని ఒక్క ముక్కలో చెప్పుదురు. ఆ మాట పూర్తిగా నిజమును గాదు, పూర్తిగా అబద్ధమును గాదు. కావున దానిని కొంత వివరింపదలచితిమి.

1986వ సంవత్సరపు పర్యావరణ పరిరక్షణ చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వమువారు 2016లో ప్లాస్టిక్కు వ్యర్థములకు నూతన నిబంధనలు చేసిరి. ఆ నిబంధనలు పురపాలక సంఘములతో పాటు గ్రామపంచాయతీలకును బాధ్యత నప్పగించినవి. కావున మాది పల్లెటూరు గదా యని దిండివారు గాని మఱి యే లంకవారు గాని తప్పించుకొనుటకు వీలులేదు. ఈ నిబంధనలను 12 ఆగష్టు 2021న సవరించి, 1 జూలై 2022 మొదలు కొన్ని వస్తువులను పేరుపేరున నిషేధించిరి. ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, కప్పులు, చెంచాలు, ముళ్లచెంచాలు, కత్తులు, స్ట్రాలు, ట్రేలు, కలుపుపుల్లలు, ఐసుక్రీము పుల్లలు, మిఠాయి పెట్టెలపై చుట్టు పలుచని పొర మున్నగునవి ఆ పట్టికలోనివి. వీనినే యేల యెన్నుకొనిరి? వీనివలని ప్రయోజనము స్వల్పము, చెత్తయై చెదరు గుణము అధికము. ఈ రెండు లక్షణములును కూడియున్న వస్తువును ఏఱి పట్టిరి.

చేతిసంచుల విషయము వేఱు. వానిని పూర్తిగా మాన్పక మందమును నిర్ణయించిరి. 2016లో 50 మైక్రానులు. 30 సెప్టెంబరు 2021 నుండి 75. 31 డిశంబరు 2022 నుండి 120. మైక్రాన నగా మీటరులో పదిలక్షవ వంతు. 120 మైక్రానులన్నను మిల్లీమీటరులో ఎనిమిదవ వంతునకు ఇంచుక తక్కువయే. మందము హెచ్చిన ప్లాస్టిక్కు హెచ్చును గదా, మేలేమి యని కొందఱడుగుదురు. మందపు సంచి వెల హెచ్చుగనుక కొట్టువాడు ఊరక యియ్యడు. కొన్నవాడు మరల వాడును. చినిగినపిదప చెత్త యేఱుకొనువారికి దాని తూకమునకు తగిన డబ్బు వచ్చును. గాలికెగురు పలుచని సంచిని ఎవ్వరు నేఱరు. అది తిన్నగా కాలువకు, కాలువనుండి వశిష్ఠకు, అంతర్వేదివద్ద సముద్రమునకు పోవును.

2016 నిబంధనలలో మఱియొక విచిత్రమైన నియమ ముండెను. సంచుల నిచ్చు వర్తకుడు స్థానికసంస్థవద్ద పేరు నమోదుచేసికొని నెలకు 4,000 చొప్పున ఏడాదికి 48,000 రూపాయలకు తక్కువ గాకుండ చెల్లింపవలెను. కిళ్లీకొట్టువా డింత యెచ్చటినుండి తెచ్చును? 2018 సవరణలో ఆ నియమమును తీసివేసిరి. తీసివేయుటయే న్యాయము.

ఇక పట్టికలో లేనివానిని చూడుడు. తేనీటి కొట్టులో నిచ్చు కాగితపు గ్లాసు దేశమంతటికి వర్తించు ఈ పట్టికలో లేదు. అది కాగితమే గాని లోపల సన్నని ప్లాస్టిక్కు పూత యుండును. లేనిచో తేనీరు కాఱిపోవును. ఖరగపూరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో ఇట్టి గ్లాసులందు 100 మిల్లీలీటర్ల వేడినీటిని పదునైదు నిమిషములుంచి పరీక్షింపగా, దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్కు రేణువులు నీటిలో చేరినట్లు తేలెను. ప్లాస్టిక్కును మాని కాగితమును పట్టుకొంటిమని సంతోషించువారు ఈ సంగతి నెఱుగవలెను. పకోడీలను వార్తాపత్రికలో పొట్లము గట్టుటయు తప్పే. సిరాలోని విషపదార్థములు నూనెతో కలిసి కడుపులోనికి పోవును గనుక, ఆహారభద్రతా సంస్థవారి 2018 నిబంధనలు దానిని కూడదన్నవి.

మన కోనసీమలో ఈ చిక్కు లేని వంటక మొకటి యున్నది. పనసాకులను పుల్లలతో గ్రుచ్చి బుట్టగా జేసి, అందు ఇడ్లీపిండి పోసి ఆవిరిపై నుడికింతురు. అదియే పొట్టిక్క. వండిన పాత్రయు, వడ్డించిన పాత్రయు ఆ యాకే. తిన్నపిదప దానిని గేదె తినును. బొండములోని లేతకొబ్బరికిగూడ వేఱు చెంచా యక్కఱలేదు. బండివాడు ఆ బొండపు అంచునుండియే ఒక చెక్కును నఱికి యిచ్చును. అయినను అన్నింటికిని ఆకే చాలునని మేము చెప్పజాలము. పొగలు గ్రక్కు సాంబారు అరటాకులో ఇంటికి రాదు. పూర్వమట్టివానికి గిన్నెయో క్యారియరో కొన్నవాడే తీసికొనిపోయెడువాడు. నేడు వట్టిచేతులతో పోయి కొట్టువానినే సమస్తము అడుగుచున్నాము.

చిక్కంతయు ఇక్కడనే యున్నదని మా యభిప్రాయము. నిబంధన అమ్మకముతో పాటు వాడుకనుగూడ నిషేధించినది గాని, తనిఖీకి వచ్చినవారు వెదకునది అంగడిలోనే. కాగితపు గొట్టము వెల హెచ్చు, బొండములో నానినచో మెత్తబడును. ప్లాస్టిక్కు గొట్టము లేదన్నచో బేరము ప్రక్కబండికి పోవును. ఈ బాధ బండివానిది. కార్తికమాసమున వనభోజనములకును, పడవయిండ్లలో విహరించుటకును దిండికి వచ్చువారికి ఆ బాధ తెలియదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2021లో వేఱొక మార్గము పట్టిరి. కొన్నవాడు నోరు తెఱచి అడిగిననే తప్ప భోజనశాలవారు పాఱవేత చెంచాలు మున్నగునవి ఇయ్యరాదని శాసనము చేసిరి. మన దేశమున ఇంటికి భోజనము చేర్చు జొమాటో సంస్థవారును 2021 ఆగష్టులో, కోరినవారికే చెంచాలు పంపునట్లు తమ పద్ధతిని మార్చుకొనిరి. ఇంటికి తెప్పించుకొన్న అన్నమునకు ఇంటిలో చెంచా లేకుండునా? ఇందు ఎవ్వరికిని నష్టము లేదు. కొట్టువానికి ఖర్చు తగ్గును. దిండి రేవులోని బండ్లవద్దగూడ "గొట్టము కావలయునా?" అని ముందుగా నొకమాట అడుగుట అలవాటైనచో, వద్దనువారే యెక్కువగా నుందురని మా నమ్మకము. బొండము నెత్తి త్రాగుట మన కోనసీమ పిల్లలకు ఎవ్వరును నేర్పనక్కఱలేదు. చొక్కా తడిసిన తడియును గాక!

ఇతరులను తప్పుపట్టుటకు ముందు మా తప్పు నొప్పుకొనవలెను. గత వార్షికోత్సవమున మన పాఠశాలలో విందు జరిగినపుడు దాహమైనప్పుడెల్ల ఒక్కొక్కరు ఒక్కొక్క క్రొత్త కాగితపు గ్లాసు పుచ్చుకొంటిమి. మఱునాడుదయము ఆవరణమును ఊడ్చునప్పుడు, అయిదు రొట్టెల విందునందు మిగిలిన ముక్కలను పన్నెండు గంపల కెత్తించిన సంగతిని మా బైబిలు ఉపాధ్యాయులు జ్ఞాపకముచేసి, మన గంపలలో నున్నవి రొట్టెలు గావని మాత్రము పలికి యూరకుండిరి. ఈ యేడు స్టీలు గ్లాసులు తెప్పించుట నిశ్చయమైనది. కడుగుటకు తొమ్మిదవ తరగతివారు ఒప్పుకొనిరి. పదవ తరగతివారు పరీక్షలున్నవని ఇంకను ఆలోచించుచున్నారు.