హిజానత్ - విడిపోయిన తల్లిదండ్రుల నడుమ బిడ్డ హక్కు

తలాఖ్‌తోనో, ఖులాతోనో భార్యాభర్తల బంధం తెగిపోవచ్చు. కాని తల్లికీ బిడ్డకూ, తండ్రికీ బిడ్డకూ ఉన్న బంధం తెగేది కాదు. అయినా విడిపోయిన తరువాత అనేక కుటుంబాలలో జరుగుతున్నదేమిటి? బిడ్డను చూపడం లేదని తండ్రి ఖర్చు ఆపివేస్తాడు. ఖర్చు ఇవ్వడం లేదని తల్లి బిడ్డను చూపదు. ఇద్దరూ తమ తమ హక్కులను గూర్చే వాదిస్తారు. షరీఅత్ మాత్రం ముందుగా బిడ్డ హక్కును చూస్తుంది.

ఫిఖహ్ గ్రంథాలలో హిజానత్, విలాయత్ అనే రెండు విషయాలు వేరువేరుగా చెప్పబడినాయి. అరబీలో ‘హిజ్న్’ అనగా ఒడి. పసిబిడ్డను దగ్గర ఉంచుకొని పెంచి, కాపాడడమే హిజానత్. ఇందులో తల్లికి ప్రథమ స్థానం. బిడ్డ ఆస్తి, వివాహం మొదలైన వాటి బాధ్యత విలాయత్. ఇది తండ్రిది. బిడ్డ తల్లి వద్ద ఉన్నా, బిడ్డకు సొంత ఆస్తి లేనప్పుడు నఫఖా, అనగా పోషణ వ్యయం, తండ్రే భరించాలి. సూరయె బఖరా 233వ ఆయత్ పాలిచ్చే తల్లికి అన్నవస్త్రాల భారం తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా తల్లిని గాని, తండ్రిని గాని బాధించరాదని కూడా ఆదేశించింది.

తలాఖ్ ఇచ్చిన భర్త తన కొడుకును తీసుకుపోదలచినాడని ఒక స్త్రీ దైవప్రవక్త (సఅసం) వారితో మొరపెట్టుకున్నది. ఆమె మరొక వివాహం చేసుకోనంతవరకు బిడ్డపై ఆమెకే ఎక్కువ హక్కు ఉన్నదని ఆయన తీర్పు చెప్పినట్లు అబూ దావూద్ హదీసు తెలుపుతున్నది. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో మరొక సంఘటన ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) విడిచిపెట్టిన భార్యకు కలిగిన కుమారుడు ఆసిమ్ ఖుబా మస్జిద్ ఆవరణలో ఆడుకుంటుండగా, ఆయన ఆ పిల్లవానిని తన వాహనంపై ఎక్కించుకున్నారు. పిల్లవాని అమ్మమ్మ అడ్డుపడింది. వివాదం ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ముందుకు వచ్చింది. పిల్లవానిని ఆమెకే వదలవలసిందిగా ఆయన చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) మారు మాట పలుకలేదు.

తల్లి వద్ద ఎంత వయస్సు వరకు ఉండాలనే విషయంలో మజ్హబుల మధ్య భేదం ఉన్నది. హనఫీల ప్రకారం మగపిల్లవాడు ఏడేళ్ల వరకు, ఆడపిల్ల యుక్తవయస్సు వరకు ఉంటారు. షాఫియీలు మంచిచెడ్డలు తెలిసే వయస్సు వచ్చాక బిడ్డ ఇష్టానికి వదలుతారు. జాఫరీలలో మగపిల్లవానికి రెండేళ్లు, ఆడపిల్లకు ఏడేళ్లు. హనఫీ ఫిఖహ్‌లో తల్లి బిడ్డకు మహ్రమ్ కాని వానిని వివాహమాడితే, హక్కు అమ్మమ్మకు, ఆ తరువాత నాయనమ్మకు పోతుంది.

ఇక చూడడం సంగతి. బిడ్డ ఒకరి వద్ద ఉన్నప్పుడు రెండవవారు చూడడాన్ని, యోగక్షేమాలు విచారించడాన్ని అడ్డుకోరాదని ఫతావా ఆలమ్‌గీరీలో ఉన్నది. బిడ్డను వదులుకోవాలనే షరతుపై ఖులా జరిగితే, ఖులా చెల్లుతుంది గాని ఆ షరతు చెల్లదని హనఫీ ఫుఖహా చెప్పారు. హిజానత్ బిడ్డ హక్కు కనుక దానిని బేరం పెట్టే అధికారం తల్లిదండ్రులకు లేదు.

మన దేశంలో వివాదం కోర్టుకు వెళితే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం న్యాయమూర్తి బిడ్డ సంక్షేమాన్ని చూస్తారు. వయస్సు, మతం, తల్లిదండ్రుల నడవడి పరిగణిస్తారు. తెలివితో చెప్పగల వయస్సు ఉంటే బిడ్డ ఇష్టాన్ని కూడా తెలుసుకోవచ్చు. కలుసుకునే రోజులు, వేళలు కోర్టు నిర్ణయించవచ్చు. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం వచ్చినా, తండ్రి నుండి పోషణ పొందే పిల్లల హక్కు పోలేదని 1997లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నాటి 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అమలులో ఉన్నది.

కనుక పెద్దలు రాజీ కుదిర్చేటప్పుడు మహర్, సామానుల పట్టీలో బిడ్డను చేర్చరాదు. బిడ్డ ఎక్కడ ఉండాలి, ఖర్చు ఏ తేదీకి అందాలి, రెండవవారు ఏ రోజున చూడాలి అనే మూడు విషయాలను వేరుగా వ్రాయించాలి. ఖర్చు ఆగిందని చూపు ఆపరాదు. చూపు ఆగిందని ఖర్చు ఆపరాదు. ఒకరు తప్పినప్పుడు పెద్దలను గాని, కోర్టును గాని ఆశ్రయించాలే తప్ప, ఆ కోపానికి బిడ్డను గురిచేయరాదు.