గడప రాజపాళయంలో... గృహప్రవేశం అన్నానగర్‌లో!
ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు పత్రం చదువుకోండి

రాజపాళయం: రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై. అక్కడ కొడుకో, కూతురో ఉద్యోగం. 'నెలనెలా అద్దె పోసే బదులు అదే డబ్బు బ్యాంకుకు కడితే ఇల్లన్నా మిగులుతుంది కదా నాన్నా' అన్న మాట ఒకసారి ఇంట్లో పుట్టిందంటే చాలు... ఊళ్లో తోటో, పాతిల్లో బేరానికొస్తుంది.

కుర్రకారు కన్ను అన్నానగర్ మీద. 1968లో అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన జరిగిన చోటు. నాటి విశ్వేశ్వరయ్య టవర్ ఇప్పటికీ ఉంది. వెడల్పు వీధులు, చెట్లు, కాఫీ షాపులు. 2017లో మెట్రో కూడా వచ్చింది. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటంటే అక్కడే కావాలంటారు.

విజయనగర కాలం తర్వాత ఇటు తరలివచ్చిన రాజుల కుటుంబాలు ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాయి. చదువు, పత్రాలు మాత్రం తమిళం. ఇక్కడ ఎవరి స్థలం ఎంతవరకో వీధి మొత్తానికి తెలుసు. తగాదా వస్తే చావిడి ఉంది. నగరంలో ఆ సాక్షులు ఉండరు. పత్రమే సాక్షి.

సెంటు కాదు... గ్రౌండు

మన దగ్గర స్థలం లెక్క సెంట్లలో. చెన్నైలో గ్రౌండ్లలో. ఒక గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు, దాదాపు అయిదున్నర సెంట్లు. రెండు గ్రౌండ్లలో ఒకే కొలతతో ఎనిమిది ఫ్లాట్లు కట్టారనుకోండి. ఒక్కో ఫ్లాటుకు వచ్చే విడదీయని స్థలం వాటా, అదే యూడీఎస్, 600 అడుగులు. సెంటున్నర కూడా లేదు! కట్టడం పాతబడి కూల్చే రోజున మిగిలేది ఆ వాటానే. అందుకే గోడల రంగు కన్నా ముందు యూడీఎస్ ఎంతో అడగాలి. ప్రకటనలో చెప్పే అడుగుల్లో మెట్లు, వరండా కూడా కలుస్తాయి. గోడల లోపల వాడుకునే 'కార్పెట్ ఏరియా' ఎంతో రాయించుకోవాలి.

రెరా ఉందిగా అనుకోవద్దు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టినా, ఎనిమిది ఫ్లాట్లు దాటకపోయినా 2016 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పైన చెప్పిన రెండు గ్రౌండ్ల ఇల్లు ఆ లెక్కలోదే. అలాంటి చోట మూల పత్రం, ఈసీ, పట్టా, ప్లాను అనుమతి లాయరుకు చూపించాకే ముందడుగు వేయాలి. రెరాలో నమోదైన ప్రాజెక్టయితే అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు 10 శాతానికి మించి అడగకూడదు.

పై ఖర్చు మరిచిపోతే...

2023 డిసెంబరు నుంచి తమిళనాడులో కొత్త ఫ్లాటు తొలి అమ్మకానికి స్థలం, కట్టడం కలిపి విలువ కడుతున్నారు. 50 లక్షల దాకా స్టాంపు సుంకం 4, రిజిస్ట్రేషన్ 2 శాతం. అది దాటి 3 కోట్ల వరకు 5, 2 శాతం. కట్టుబడిలో ఉండగానే కొంటే 5 శాతం జీఎస్టీ అదనం. 80 లక్షల ఫ్లాటుకు 5.6 లక్షలు, మరో 4 లక్షలు. మొత్తం 9.6 లక్షలు! తోట అమ్మేటప్పుడు వేసుకున్న లెక్కలో ఈ సొమ్ము చాలాసార్లు ఉండదు.

పేరు ఎవరిది?

1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రాన్ని పాలించిన ఈ ఊరి బిడ్డ పి.ఎస్.కుమారస్వామి రాజా తన ఇంటిని ప్రజలకు ఇచ్చేశారు. అదే గాంధీ కలై మన్రం. తెలిసి ఇవ్వడం వేరు. తెలియక పోగొట్టుకోవడం వేరు. అమ్మిన ఇల్లు అమ్మానాన్నలది, కొన్న ఫ్లాటు పిల్లల పేరున. రేపు మాటామాటా వస్తే పెద్దవాళ్లకు ఊళ్లో గడప ఉండదు, నగరంలో హక్కూ ఉండదు. డబ్బు పెట్టినవాళ్ల పేరు పత్రంలో ఉండటం అపనమ్మకమేమీ కాదు, జాగ్రత్త.

గృహప్రవేశం రోజు పాలు పొంగించడం ఎలాగూ ఉంటుంది. సంతకం పెట్టే రోజు ఆ తమిళ పత్రాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని, తెలుగులో చెప్పించుకుని మరీ వినండి.